హైబ్రిడ్ కారు: షోరూమ్ కాగితం మీద మూడేళ్లు, నా షీట్‌లో ఐదేళ్లు, నిజంలో పదమూడేళ్లు

 

పోయిన ఆదివారం ఖమ్మం నుంచి మా మామయ్య ఫోన్ చేశారు. "అల్లుడూ, నువ్వు తీసుకున్నావ్ చూడు ఆ హైబ్రిడ్ బండి, నేనూ అదే తీసుకుందామనుకుంటున్నా. బుధవారం మంచి రోజట, అడ్వాన్స్ కట్టేస్తా. తెలుపు బాగుంటదా, బూడిద రంగు బాగుంటదా?" అన్నారు. నేను రంగు చెప్పలేదు. "మామయ్యా, బుధవారం లోపల ఒక లెక్క పంపిస్తా, అది చూసి కట్టండి" అన్నాను.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మామయ్య జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా చేసి ఈ మధ్యే రిటైర్ అయ్యారు. 61 ఏళ్లు. నాకు ఇంటర్‌లో ఇంటిగ్రేషన్ నేర్పింది ఆయనే. అలాంటి మనిషి లెక్క వేయకుండా, నన్ను చూసి, రిటైర్మెంట్ డబ్బుతో కారు కొంటున్నారు. "మా అల్లుడు సాఫ్ట్‌వేర్, అన్నీ చూసే కొని ఉంటాడు" అని అత్తయ్యతో అన్నారట. అది వినగానే నాకు కడుపులో దేవినట్టయింది. ఎందుకంటే నేను అన్నీ చూసే కొన్నాను, అయినా నా లెక్క తప్పింది. ఎంత తప్పిందో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీకూ ఆయనకూ కలిపి ఒకేసారి చెప్పేస్తున్నా.

నా కారు ఏ కంపెనీదో చెప్పను. చెప్తే కింద కామెంట్లలో ఫ్యాన్ వార్స్ అయి అసలు విషయం పక్కకి పోతుంది. మన దగ్గర ఈ సైజులో స్ట్రాంగ్ హైబ్రిడ్లు అంటే టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా, హోండా సిటీ ఇ-హెచ్ఈవీ గుర్తుకొస్తాయి. కొంచెం పైకి వెళ్తే ఇన్నోవా హైక్రాస్. లెక్క అన్నిటికీ ఒకటే, నంబర్లు మారతాయి అంతే.

ముందు ఒక చిన్న క్లారిటీ. కారు వెనకాల "హైబ్రిడ్" అని స్టిక్కర్ ఉన్నంత మాత్రాన అది హైబ్రిడ్ అయిపోదు. మైల్డ్ హైబ్రిడ్ అని ఒకటి ఉంది. అందులో ఉండేది చిన్న మోటారు, ఇంజిన్‌కి కాస్త తోపుడు సాయం చేస్తుంది, కారుని ఒంటరిగా కదపలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ అలా కాదు. ఇంజిన్ ఆఫ్ అయిపోయి, కేవలం కరెంటు మీద కారు నడుస్తుంది, మళ్లీ అవసరమైనప్పుడు ఇంజిన్ దానంతట అదే స్టార్ట్ అవుతుంది. ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే పని లేదు. ఇవాళ మనం మాట్లాడేది ఈ రెండో రకం గురించే. ఎందుకంటే లక్షల్లో ఎక్స్‌ట్రా డబ్బులు అడిగేది ఇదే.

సరే, 2023కి వెళ్దాం. అప్పుడు నేను నిజాంపేటలో ఉంటూ నానక్‌రామ్‌గూడ ఆఫీసుకి వెళ్లేవాణ్ణి. షోరూమ్‌లో సేల్స్ అబ్బాయి చాలా మర్యాదస్తుడు, కాఫీ కూడా ఇచ్చాడు. ఒక తెల్ల కాగితం తీసుకుని నా ముందే లెక్క వేశాడు. "సార్, ఒకే వేరియంట్‌లో పెట్రోల్ ఆటోమేటిక్‌కి, హైబ్రిడ్‌కి తేడా మూడు లక్షలు. పెట్రోల్ మీకు సిటీలో 12 ఇస్తుంది. హైబ్రిడ్ 28 ఇస్తుంది. లీటరు 107 అనుకోండి. కిలోమీటరుకి ఐదు రూపాయలు మిగులు. నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగితే మూడేళ్ల మూడు నెలల్లో మీ డబ్బు మీకు వచ్చేస్తుంది, ఆ తర్వాత అంతా లాభమే సార్."

కాగితం చూస్తే లెక్క కరెక్టే. కూడికలు, భాగహారాలు ఎక్కడా తప్పు లేదు. కానీ అందులో పెట్టిన నంబర్లలో రెండు తేడాలు ఉన్నాయి, ఇప్పుడు చెప్పండి ఎక్కడో. ఒక్క నిమిషం వీడియో ఆపి ఆలోచించండి, చదివేవాళ్లయితే కింద లైను చూడకండి.

మొదటిది, ఆ 12, ఆ 28. పెట్రోల్ కారుకి అతను వాడింది రోడ్డు మీద వచ్చే మైలేజీ. హైబ్రిడ్‌కి వాడింది ల్యాబ్‌లో వచ్చిన మైలేజీ. హైరైడర్, గ్రాండ్ విటారాలకి కంపెనీ చెప్పే 27.97 అనే సంఖ్య కారుని రోలర్ల మీద పెట్టి, ఏసీ ఆపేసి, ఒక ఫిక్స్‌డ్ పద్ధతిలో నడిపితే వచ్చేది. ఆ రోలర్ల మీద జేఎన్‌టీయూ సిగ్నల్ ఉండదు, మే నెల ఎండ ఉండదు. అదే టెస్టులో మైల్డ్ హైబ్రిడ్ ఆటోమేటిక్ కూడా 20 దాటుతుంది. అంటే ఒకడికి యూనిట్ టెస్ట్ మార్కులు, ఇంకొకడికి ఫైనల్ ఎగ్జామ్ మార్కులు వేసి పక్కపక్కన పెట్టాడన్నమాట.

నేను ట్యాంక్ ఫుల్ చేసి, మళ్లీ ఫుల్ చేసి లెక్కేసుకుంటే నాకు సిటీలో 21 వచ్చింది. అదే రూటులో వచ్చే మా పాత కొలీగ్‌కి ఇదే సైజు పెట్రోల్ ఆటోమేటిక్ ఉండేది, అతనికి 12. సో, 12కి 21కి పోలిక. ఇప్పుడు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. 107ని 12తో భాగిస్తే 8 రూపాయల 92 పైసలు. 107ని 21తో భాగిస్తే 5 రూపాయల 10 పైసలు. తేడా కిలోమీటరుకి 3 రూపాయల 82 పైసలు. ఈ 3.82ని గుర్తు పెట్టుకోండి, ఎపిసోడ్ మొత్తం ఇదే మనతో వస్తుంది.

రెండోది, ఆ మూడు లక్షలు. అది ఎక్స్-షోరూమ్ తేడా. మనం ఎక్స్-షోరూమ్ ధరకి కారు ఇంటికి తెచ్చుకోం కదా. తెలంగాణలో పది లక్షలు దాటిన కారుకి నేను కొన్నప్పుడు లైఫ్ ట్యాక్స్ 17 శాతం. మూడు లక్షల మీద అదే 51 వేలు. ఇన్సూరెన్స్ కూడా కారు విలువని బట్టే కాబట్టి అక్కడ ఇంకో ఎనిమిది తొమ్మిది వేలు. మొత్తం మీద ఆన్-రోడ్ తేడా 3 లక్షల 60 వేలకి వచ్చింది. 2024 జులైలో ఉత్తరప్రదేశ్ స్ట్రాంగ్ హైబ్రిడ్లకి రిజిస్ట్రేషన్ ట్యాక్స్ తీసేసింది. నోయిడాలో ఉన్న నా ఫ్రెండ్ ఆ మర్నాడే నాకు వాట్సాప్‌లో నవ్వే ఎమోజీలు పంపాడు. నేనప్పటికే కట్టేశాను.

ఇప్పుడు 3,60,000ని 3.82తో భాగించండి. 94 వేల కిలోమీటర్లు. నెలకి 1,500 అంటే ఏడాదికి 18 వేలు. ఐదేళ్ల పైన రెండు మూడు నెలలు. కాగితం మీద మూడేళ్ల మూడు నెలలు కాస్తా ఐదేళ్లయింది. ఈ లెక్క నేను కొనకముందే నా ఎక్సెల్ షీట్‌లో వేసుకున్నా, అందుకే చెప్పాను కదా, చూసే కొన్నాను. ఐదేళ్లు ఓకే అనుకున్నా.

కానీ ఆ షీట్‌లో ఒక కాలమ్ మిస్సయింది. నేను కారు లోన్ మీద కొన్నా. ఎక్స్‌ట్రా 3 లక్షల 60 వేలు కూడా లోన్‌లోనే. తొమ్మిది శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఆ ఎక్స్‌ట్రా ముక్కకి మాత్రమే ఈఎమ్ఐ 7,473 రూపాయలు. మొత్తం ఐదేళ్లలో కట్టేది 4 లక్షల 48 వేలు. అంటే వడ్డీ 88 వేలు. మరి నెలకి 1,500 కిలోమీటర్లు తిరిగితే పెట్రోల్‌లో మిగిలేదెంత? 5,730. చూశారా? బంకులో 5,730 మిగిలిందని ఆనందపడుతున్నా, బ్యాంకుకి 7,473 ఎక్కువ కడుతున్నా. ఈఎమ్ఐ అకౌంట్‌లోంచి దానంతట అదే కట్ అవుతుంది కాబట్టి మనసుకి తెలియదు, పెట్రోల్ మాత్రం కళ్ల ముందు మీటర్ తిరుగుతూ కొట్టిస్తాం కాబట్టి "అబ్బ, ఎంత మిగిలిందో" అనిపిస్తుంది. లోన్ మీద కొనేవాళ్లు నెలకి దాదాపు 2,000 కిలోమీటర్లు, అదీ సిటీ ట్రాఫిక్‌లో తిరిగితేనే ఈ రెండూ సరిసమానం అవుతాయి.

"సిటీ ట్రాఫిక్‌లో" అని నొక్కి ఎందుకన్నానంటే, హైబ్రిడ్ డబ్బు ఎక్కడ మిగులుస్తుందో తెలిస్తేనే అది అర్థమవుతుంది. హైబ్రిడ్ బ్యాటరీ ఎంత పెద్దదో చెప్పండి చూద్దాం. హైరైడర్, గ్రాండ్ విటారాల్లో 0.76 కిలోవాట్ అవర్. మీ ఇంటి కరెంటు మీటర్లో ఒక యూనిట్ కూడా కాదు! ఒక నెక్సాన్ ఈవీలో 45 ఉండే బ్యాటరీ వస్తుంది. మన సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే ఈవీ బ్యాటరీ హార్డ్ డిస్క్, హైబ్రిడ్ బ్యాటరీ క్యాష్ మెమరీ. చిన్నది, కానీ క్షణక్షణం రాస్తూ చెరుపుతూ ఉంటుంది. బ్రేక్ వేసినప్పుడు మామూలు కారులో ఆ శక్తి అంతా వేడిగా గాల్లో కలిసిపోతుంది. ఇక్కడ మోటారు జనరేటర్‌లా పనిచేసి ఆ శక్తిని బ్యాటరీలో వేస్తుంది. సిగ్నల్ పడగానే అదే శక్తితో కారు కదులుతుంది. ఇంజిన్ నిద్రపోతూ ఉంటుంది. అందుకే ఎంత ట్రాఫిక్ ఉంటే అంత లాభం. కూకట్‌పల్లిలో జామ్ అయినప్పుడు పక్క కారు వాడు విసుక్కుంటుంటే నేను మైలేజీ స్క్రీన్ చూసుకుని నవ్వుకునేవాణ్ణి.

ఇప్పుడు విజయవాడ హైవే ఎక్కండి. 90 మీద స్పీడు పెట్టి వదిలేశారు. బ్రేక్ ఎక్కడ? పట్టుకోవడానికి శక్తి ఎక్కడ? క్యాష్‌లో వేయడానికి డేటానే లేదు. అప్పుడు అది మామూలు పెట్రోల్ కారే, కాకపోతే కొంచెం పొదుపైన ఇంజిన్. నాకు హైవే మీద హైబ్రిడ్‌లో 20 వచ్చింది. పెట్రోల్ ఆటోమేటిక్ కూడా హైవే మీద 17 ఇస్తుంది. తేడా కిలోమీటరుకి 94 పైసలు. రూపాయి కూడా కాదు. ఆ 3 లక్షల 60 వేలు హైవే మీదే రాబట్టాలంటే 3 లక్షల 83 వేల కిలోమీటర్లు తిరగాలి.

మనవాళ్లలో చాలామందికి ఇది తలకిందులుగా ఉంటుంది. "లాంగ్ డ్రైవ్‌లు ఎక్కువ, అందుకే హైబ్రిడ్" అంటారు. లాంగ్ డ్రైవ్‌లకే అయితే హైబ్రిడ్‌కి ఎక్స్‌ట్రా పెట్టడం దండగ.

సరే, నా కథకి వద్దాం. 2024 మధ్యలో నేను ఉద్యోగం మానేశాను. మీకు తెలుసు, అప్పటి నుంచే కదా ఈ వీడియోలు రెగ్యులర్‌గా వస్తున్నాయి. ఇప్పుడు నా ఆఫీసు మా బెడ్‌రూమ్ పక్క గది. నా కమ్యూట్ తొమ్మిది అడుగులు. కారు నెలకి 500 కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. 500ని 3.82తో గుణిస్తే నెలకి 1,910 రూపాయలు. ఇప్పటిదాకా 34 వేల కిలోమీటర్లు తిరిగాను, అన్నీ సిటీవే అనుకున్నా మిగిలింది లక్షా 30 వేలు. ఇంకా 2 లక్షల 30 వేలు రావాలి. నెలకి 1,910 చొప్పున అంటే ఇంకో పదేళ్లు. వడ్డీ 88 వేలు ఇందులో కలపనే లేదు, కలిపితే బాధేస్తుందని.

మొదటి నుంచీ నెలకి 500 తిరిగే మనిషి ఎవరైనా ఈ కారు కొంటే? 15 ఏళ్ల ఎనిమిది నెలలు. ఆర్సీ 15 ఏళ్లకే అయిపోతుంది. అంటే ముందు ఆర్టీఏ ఆఫీసుకెళ్లి రెన్యూవల్ చేయించుకుని, ఆ తర్వాత లాభంలోకి రావాలి!

నా షీట్‌లో ఫార్ములా తప్పు లేదు. నెలకి 1,500 అనే సెల్ ఐదేళ్లపాటు మారదని అనుకోవడమే తప్పు. 25, 26 ఏళ్లకి కారు కొంటున్న మనం రెండేళ్ల తర్వాత ఏ ఊళ్లో ఉంటామో, వర్క్ ఫ్రమ్ హోమ్ వస్తుందో, బెంగళూరు ట్రాన్స్‌ఫర్ వస్తుందో, మెట్రో పక్కన ఇల్లు దొరుకుతుందో తెలియదు. హైబ్రిడ్‌కి ఎక్స్‌ట్రా కట్టడం అంటే రాబోయే ఐదేళ్ల పెట్రోల్ ఇవాళే కొనిపెట్టుకోవడం. కొన్న పెట్రోల్ వాడకపోతే ఎవరూ వెనక్కి తీసుకోరు.

అలా అని హైబ్రిడ్ వేస్ట్ అనను. నా ఇంటర్ ఫ్రెండ్ ఒకడు మెడికల్ రెప్. పొద్దున దిల్‌సుఖ్‌నగర్, మధ్యాహ్నం అమీర్‌పేట, సాయంత్రం కొంపల్లి. నెలకి 2,500 కిలోమీటర్లు, అంతా ఆగుతూ సాగుతూ. వాడికి నెలకి 9,550 మిగులుతుంది. మూడేళ్ల రెండు నెలల్లో పెట్టిన ఎక్స్‌ట్రా వచ్చేసింది, షోరూమ్ కాగితం మీద ఉన్నదానికంటే ఫాస్ట్‌గా. పైగా గేర్లు, క్లచ్ లేకపోవడం వల్ల వాడి ఎడమ కాలి నొప్పి పోయిందట. వాడికి ఇది లగ్జరీ కాదు, పనిముట్టు.

ఇక అందరూ అడిగే ప్రశ్న, "బ్రో, బ్యాటరీ పోతే?" ఈ భయం గురించి నాకు మిశ్రమ అభిప్రాయం ఉంది. టయోటా జపాన్‌లో ప్రియస్ అమ్మడం మొదలుపెట్టింది 1997 డిసెంబర్‌లో. అంటే ఇది నిన్న మొన్నటి టెక్నాలజీ కాదు. హైబ్రిడ్ కంప్యూటర్ బ్యాటరీని ఎప్పుడూ పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు, మధ్యలోనే ఉంచి తిప్పుతుంది. మన ఫోన్‌ని జీరో దాకా వాడి హండ్రెడ్ దాకా పెట్టినట్టు కాదు. హైక్రాస్‌లో అయితే నికెల్ మెటల్ హైడ్రైడ్ అనే పాతకాలపు, గట్టి రకం బ్యాటరీ వాడారు. టయోటా, మారుతి స్ట్రాంగ్ హైబ్రిడ్ల బ్యాటరీకి వారంటీ 8 ఏళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్లు, ఏది ముందైతే అది.

ఆ "ఏది ముందైతే అది" దగ్గర ఆగండి. నా మెడికల్ రెప్ ఫ్రెండ్ ఏడాదికి 30 వేలు తిరుగుతాడు. వాడి వారంటీ 8 ఏళ్లు కాదు, ఐదేళ్ల నాలుగు నెలలు. నేను నెలకి 500 తిరుగుతా కాబట్టి నాది కిలోమీటర్లతో కాదు, క్యాలెండర్‌తో అయిపోతుంది. అది అయ్యేనాటికి నాకింకా డబ్బు తిరిగి వచ్చి ఉండదు. అంటే లాభంలోకి రాకముందే బ్యాటరీ రిస్కు నా నెత్తి మీదకి వస్తుంది. కొనేముందు మొత్తం బ్యాటరీ మార్పిడికి ఇవాళ్టి ధర ఎంతో సర్వీస్ సెంటర్లో కాగితం మీద రాయించుకోండి. నోటి మాట వద్దు.

నన్ను ఏడిపించింది మాత్రం పెద్ద బ్యాటరీ కాదు, చిన్నది. హైబ్రిడ్‌లో కూడా మామూలు 12 వోల్ట్ బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది ఇంజిన్‌ని తిప్పదు, కానీ కంప్యూటర్లని లేపేది అదే. సంక్రాంతికి ఊరెళ్లి పన్నెండు రోజులు కారుని సెల్లార్‌లో వదిలేశా. వచ్చి చూస్తే డోర్ కూడా రిమోట్‌తో తెరుచుకోలేదు. అంత ఖరీదైన కారు, అంత పెద్ద మోటారు, అన్నీ ఉన్నాయి, బూట్ అవ్వదు! చివరికి కొత్త 12 వోల్ట్ బ్యాటరీకి ఏడు వేల చిల్లర అయింది. తక్కువ తిరిగే కారుకి ఇలాంటివి కూడా ఖర్చులే. ఇప్పుడు వారానికోసారైనా బయటికి తీసి అరగంట తిప్పుతున్నా, పని ఉన్నా లేకపోయినా. పెట్రోల్ ఆదా చేసే కారుని బతికించడానికి పెట్రోల్ కాలుస్తున్నా. నవ్వకండి.

ఇంకోటి, చాలా హైబ్రిడ్లలో వెనక సీటు దగ్గర ఒక జాలీ లాంటిది ఉంటుంది. అది బ్యాటరీ చల్లబడటానికి గాలి పీల్చుకునే దారి. మనవాళ్లు దానికి అడ్డంగా బియ్యం సంచులు, బ్యాగులు పెడతారు. ఖమ్మం, కొత్తగూడెం వైపు ఎండల్లో అది మూసేస్తే బ్యాటరీకి ఉక్కపోతే. సర్వీసుకి ఇచ్చినప్పుడు దాని ఫిల్టర్ శుభ్రం చేయమని గుర్తుచేయండి. మిగతా సర్వీసు ఖర్చు నాకు పెట్రోల్ కారుకి దగ్గర్లోనే అవుతోంది. ఒక మంచి విషయం, మోటారే సగం బ్రేక్ పని చేస్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు చాలా కాలం వస్తాయి.

ఇన్సూరెన్స్‌లో ప్రభుత్వం హైబ్రిడ్‌కి డిస్కౌంట్ ఇచ్చింది, తెలుసా? థర్డ్ పార్టీ ప్రీమియంలో ఏడున్నర శాతం. 1,000 నుంచి 1,500 సీసీ మధ్య కారుకి 2022 రేట్ల ప్రకారం ప్రీమియం 3,416 రూపాయలు, అందులో ఏడున్నర శాతం అంటే 256 రూపాయలు. ఏడాదికి ఒక బిర్యానీ. లెగ్ పీస్ గ్యారంటీ లేదు.

ట్యాక్స్ మారింది కదా అని కూడా అడుగుతున్నారు. ముందు ఈ సైజు పెట్రోల్ కార్లకి జీఎస్టీ, సెస్ కలిపి 45 శాతం, హైబ్రిడ్‌కి 43 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండిటికీ 40. కార్ల ధరలు తగ్గాయి, నిజమే. కానీ హైబ్రిడ్‌కి ఉన్న ఆ రెండు శాతం అడ్వాంటేజ్ పోయింది. ఈవీకి మాత్రం 5 శాతమే. తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు ఈవీలకి రోడ్ ట్యాక్స్ కూడా లేదు. ఇంట్లో సొంత పార్కింగ్, ఛార్జింగ్ పాయింట్ ఉండి, సిటీలోనే తిరిగేవాళ్లు హైబ్రిడ్ కంటే ముందు ఈవీకి లెక్క వేసుకోవాలి. అది ఇంకో ఎపిసోడ్.

రీసేల్ గురించి. కట్టిన ఎక్స్‌ట్రా మొత్తం గాల్లో కలిసిపోదు. సెకండ్ హ్యాండ్‌లో కూడా హైబ్రిడ్‌కి పెట్రోల్ కంటే ఎక్కువ రేటు వస్తే అది మన లెక్కలోంచి తీసేయాలి. ఉదాహరణకి ఐదేళ్ల తర్వాత అమ్మితే లక్షన్నర ఎక్కువ వచ్చిందనుకోండి. అప్పుడు రాబట్టాల్సింది 2 లక్షల 10 వేలే, 55 వేల కిలోమీటర్లు చాలు. కానీ తొమ్మిదో ఏట అమ్మితే? కొనేవాడి మొదటి ప్రశ్న "బ్యాటరీ వారంటీ ఉందా?" లేదనగానే వాడు బ్యాటరీ ఖరీదు తగ్గించి బేరం మొదలుపెడతాడు. అందుకే నా అభిప్రాయం, హైబ్రిడ్‌ని వారంటీ ఇంకో రెండేళ్లు ఉండగా అమ్మేయాలి, లేదంటే ఇనుప సామాన్ల వాడికి ఇచ్చేదాకా మనమే నడపాలి. మధ్యలో అమ్మితేనే నష్టం. నేను 2029లో అమ్మేద్దామని ఫిక్స్ అయ్యా.

ఇప్పుడు మామయ్య లెక్క. నెలకోసారి కూతుర్ని చూడటానికి ఖమ్మం నుంచి హైదరాబాద్ వస్తారు. రానూపోనూ 400 కిలోమీటర్లు, హైవే. ఖమ్మంలో మార్కెట్‌కి, గుడికి, పెళ్లిళ్లకి ఇంకో 200. ఖమ్మం ట్రాఫిక్‌ని హైదరాబాద్ ట్రాఫిక్‌తో సమానం అనుకుందాం, ఆయనకి ఫేవర్‌గానే వేద్దాం. 400 ఇంటూ 94 పైసలు 376 రూపాయలు. 200 ఇంటూ 3.82 అంటే 764. మొత్తం నెలకి 1,140 రూపాయలు మిగులు. 3 లక్షల 60 వేలు రావడానికి 316 నెలలు. 26 ఏళ్లు. అప్పటికి మామయ్యకి 87.

"పెట్రోల్ పెరిగితే?" అంటారు, ఆయన అడుగుతారని నాకు తెలుసు. లీటరు 130 చేసి చూశా. అప్పుడు నెలకి 1,388, ఇరవై ఒక్క ఏళ్లు దాటుతుంది. ఇంకో వైపు, ఆయన ఆ 3 లక్షల 60 వేలని ఎఫ్‌డీలో వేస్తే, ఏడు శాతం వడ్డీ అనుకున్నా నెలకి 2,100 వస్తుంది. కారు మిగిల్చేది 1,140. అసలు పోకుండా వడ్డీయే దాదాపు రెట్టింపు. రిటైర్ అయిన మనిషికి ఇంతకంటే ఏం చెప్పాలి?

కాకపోతే ఒకటి నిజాయితీగా చెప్పాలి. హైబ్రిడ్ నడపడం బాగుంటుంది. ట్రాఫిక్‌లో చప్పుడు లేకుండా జారుకుంటూ వెళ్తుంది. అత్తయ్యకి కారులో వికారం, నా కారులో కూర్చున్నప్పుడు "ఇది బాగుందిరా, ఊపు లేదు" అన్నారు. ఆ సుఖానికి 3 లక్షల 60 వేలు పెట్టాలనుకుంటే పెట్టొచ్చు, ఆయన డబ్బు, ఆయన ఇష్టం. "పెట్రోల్ మిగులుతుంది" అని మాత్రం పెట్టొద్దు. నేను షీట్ పంపిస్తూ రాసింది కూడా ఇదే. కింద నా కారు లెక్క కూడా పెట్టాను, 13 ఏళ్లతో సహా. పంపే బటన్ నొక్కడానికి పది నిమిషాలు పట్టింది.

మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్. పేపర్ దిద్దినట్టే దిద్దారు.

"హైవే మైలేజీ రెండిటికీ ఏసీ వేసి చూసినవా?"

"వేసే చూశా మామయ్యా."

"మరి ఖమ్మం ట్రాఫిక్‌ని హైదరాబాద్‌తో సమానం ఎందుకు చేశావ్? ఇక్కడ మూడు సిగ్నళ్లు దాటితే ఊరయిపోయె. నీ 26 ఏళ్లు తక్కువే చెప్పావ్."

"అవును."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు ఉద్యోగం మానేసినంక బండి ఈఎమ్ఐ ఇబ్బంది అయితుందా?" అని అడిగారు. నేను షీట్‌లో ఆ కాలమ్ పెట్టలేదు. ఆయన చదివింది ఆ పెట్టని కాలమ్‌నే. "మేనేజ్ చేస్తున్నా మామయ్యా" అన్నాను.

"సరే విను. నా పాత బండి 2014ది. ఆర్సీ 2029 దాకా ఉంది. బానే నడుస్తుంది, అత్తయ్య పోరు పడలేక మారుద్దామనుకున్నా గాని దానికేం రోగం లేదు. నువ్వు నీ బండి 2029లో అమ్ముతా అని రాశావ్ గదా. అప్పటికి ఎక్స్‌ట్రా నువ్వు కట్టేసి ఉంటావ్, వారంటీ ఇంకో రెండేళ్లు ఉంటది. అది నా పేరు మీదికి మారుతదో లేదో కాగితం చూసి చెప్పు. మారితే నేనే తీసుకుంటా."

నాకు మాట రాలేదు. హైబ్రిడ్ కొనడానికి అన్నిటికంటే చవకైన దారి, మొదటి ఓనర్ నష్టం భరించాక కొనడం. మూడేళ్లుగా లెక్కలు వేస్తున్న నాకు తట్టలేదు.

"రేటు మాత్రం ఇప్పుడే మాట్లాడుకుందాం అల్లుడూ. నీకు లెక్కలు చెప్పిన ఫీజు కూడా అందులో తీసెయ్యాలె."

ఇవాళ్టికి ఇంతే అండీ. షీట్ లింక్ కింద ఇచ్చాను, పసుపు రంగు సెల్స్‌లో మీ నంబర్లు వేసుకోండి. వచ్చే వారం ఈవీ లెక్కతో కలుద్దాం.